తెగిన సున్న

స్టెన్సిల్ అనగానే మా తరం వాళ్ళకు సైక్లోస్టయిల్ గుర్తొస్తుంది. టైపు మిషన్‌కు మైనపు కాగితం ఎక్కించి ఇంగ్లీషు ‘ఓ’ అక్షరాన్ని కాస్త గట్టిగా కొడితే, మధ్యలో ముక్క ఊడిపోయి కాపీల నిండా నల్లటి చుక్కలు పడేవి. స్టెన్సిల్ అక్షరానికున్న అసలు చిక్కు అదే. రేకులో అక్షరం కత్తిరిస్తే, దాని కడుపులోని ఖాళీకి పట్టు ఉండదు. అది రాలిపోకుండా గీతను ఒకటి రెండు చోట్ల తెంపి, రేకునే చిన్న వంతెనలా వదలాలి.

1937లో అమెరికాలో జెర్రీ పవెల్, హంటర్ మిడిల్టన్ అని ఇద్దరు, నెల తేడాతో, ‘స్టెన్సిల్’ అన్న ఒకే పేరుతో చెరొక టైపు తెచ్చారు. లోహపు అచ్చుకి వంతెనతో పనేముంది? అయినా ఆ తెంపులు ఉంచారు. ఎప్పుడూ జైలుకెళ్ళని నటుడు ఖైదీ బట్టలు తొడుక్కున్నట్టన్నమాట. ఆ వేషం బాగా కుదిరింది కూడా. ఇవాళ్టికీ సినిమా పోస్టరు మీద ఆ అక్షరాలు కనిపిస్తే మిలటరీ, గోదాము, బందోబస్తు అనుకుంటాం.

నాకు వేషం కన్నా పనిముట్టు మీదే మక్కువ. పనిముట్టుగా చూస్తే స్టెన్సిల్ అక్షరాలు లావుగా, ఇరుకుగా ఎందుకుంటాయో తేలిగ్గా అర్థమవుతుంది. గీత లావుగా ఉంటే ముతక బ్రష్షు కూడా దూరుతుంది, గోనె పీచు మీద రంగు ఆనుతుంది. ఇరుగ్గా ఉంటే పెట్టె పక్కమీద పేరు మొత్తం పడుతుంది. పైగా ఇంగ్లీషు పెద్దక్షరాల్ని నొక్కితే దాదాపు అన్నీ నిలువు కమ్మీలైపోతాయి. కమ్మీల్ని ముట్టుకోకుండా పైనా కిందా తెంపితే చాలు. ‘ఓ’ రెండు బ్రాకెట్లుగా విడిపోయినా కన్ను దాన్ని కలిపేసుకుంటుంది.

తెనాలి దగ్గర మా మేనమామకు రైసు మిల్లు ఉండేది. అక్కడి రేకు మీద ఇంగ్లీషులో ‘బి.పి.టి. 5204’ అని ఉండేది. బాపట్లలో పుట్టిన సాంబ మసూరికి అది అధికారిక నామం. మూడక్షరాల్లో తెంపు అక్కర్లేనిది ‘టి’ ఒక్కటే, అంకెల్లో 5, 2. సంచులు మోసే హమాలీల్లో తెలుగు కూడబలుక్కుని చదవగలిగేవాళ్ళున్నారు గానీ ఇంగ్లీషు వచ్చినవాళ్ళు లేరు. ఏ లాటు ఏదో వాళ్ళు కుట్టిన దారం రంగుని బట్టి పోల్చుకునేవాళ్ళు. దారం మారిన రోజున గుమాస్తా కోసం కేకలు. తమ వీపు మీదున్న సరుకు పేరు తమకే తెలియకపోవడం నాకు చాలా అన్యాయంగా తోచేది.

“తెలుగులో కొట్టించొచ్చు కదా మావయ్యా” అంటే, “తెలుగు రేకు మీద నిలవదురా, అలుక్కుపోద్ది” అనేవాడు.

ఆయన మాటలో నిజముంది. ‘సాంబ మసూరి’ అనే కత్తిరించి చూడండి. సున్న నిండా మూసుకున్న వలయం. ‘రి’లో కిందొకటి, గుడిలో ఒకటి, రెండు ఖాళీలు. ఇవన్నీ వంతెనలు కట్టి గట్టెక్కించొచ్చు. అసలు ఇబ్బంది వేరే ఉంది. ఇంగ్లీషు అక్షరంలో తెంపుకి అర్థం లేదు. మనకు ఉంది. ‘ప’, ‘స’, ‘హ’లకు తలకట్టు ఒంటిని అంటదు, ‘వ’కి, ‘మ’కి అంటుతుంది. ఆ సన్నటి సందు కూడా రాతలో భాగమే. ‘వ’ మెడ దగ్గర వంతెన పెట్టామా, చూసేవాడి కన్ను ‘ప’ వైపు జారుతుంది. అందుకని ఇంగ్లీషు రేకు సూత్రాన్ని తెచ్చి మన అక్షరాలకి తగిలిస్తే నడవదు. మెడ వదిలేసి పొట్ట దగ్గర తెంపాలి.

ఇరుకు చెయ్యడం ఇంకో పేచీ. తెలుగు గుండ్రాన్ని పక్కల నుంచి నొక్కితే కోడిగుడ్డవుతుంది, దానికి లావు కూడా తోడైతే లోపలి సందులు పూడిపోతాయి. అసాధ్యమేం కాదు. ముంబయి ఏక్ టైప్ వాళ్ళ ‘అనేక్ తెలుగు’ ఫాంటులో బాగా లావుగా, బాగా ఇరుగ్గా ఉండే రూపం కూడా ఉంది, చక్కగా చదవొస్తుంది. ఆ రూపాన్నే పెద్దగా ప్రింటు తీసి, పాత ఎక్స్‌రే ఫిల్ము మీద పెట్టి బ్లేడుతో కోసి, గోనె ముక్కల మీద కొట్టి చూస్తున్నాను, ఈ మధ్య ఆదివారాలన్నీ. ఇంట్లో దీనికి పెద్ద గౌరవం లేదు.

తెలిసొచ్చినవి కొన్ని. ఒక్క వంతెనతో సున్న నిలబడుతుంది గానీ, నాలుగు సంచులు కొట్టేసరికి మధ్య ముక్క లేచి కింద రంగు పాకుతుంది. కాబట్టి రెండు తప్పవు. పైనా కిందా తెంపితే బ్రాకెట్లలా ఉంది. అటూ ఇటూ తెంపితే మూత తీసిన గిన్నె. ఏటవాలుగా, ఎదురెదురు మూలల్లో తెంపినప్పుడు మాత్రం సున్న సున్నలాగే ఉంది. వంతెన వెడల్పు గీత లావులో నాలుగోవంతుకి తగ్గితే నా ఫిల్ము చిరిగింది, మూడోవంతు దాటితే అక్షరం ముక్కలైనట్టు కనబడింది.

ఇప్పుడు బియ్యం ఎక్కువగా అచ్చేసిన ప్లాస్టిక్ సంచుల్లో వస్తోంది, వాటిమీద అమ్మవారి బొమ్మలతో సహా ఏడు రంగులుంటాయి. ఆ సంచికి నా రేకుతో పనిలేదని నాకూ తెలుసు. కానీ కరెంటు స్తంభాల మీద, ట్రాన్స్‌ఫార్మర్ల మీద, పంచాయతీ నీళ్ళ ట్యాంకుల మీద ఇంకా రేకు పెట్టి రంగు కొడుతూనే ఉన్నారు. ‘ప్రమాదం’ అని రాయడానికి కావలసిన అక్షరాలు నాలుగే. అందులో ‘ప’ మెడ దగ్గర సందు దానంతటదే ఉంది, దానికి నా బ్లేడు అక్కర్లేదు. మిగిలినవి కుదిరాయి.

‘ఠ’ మాత్రం తేలలేదు. కడుపులో ఖాళీ, ఆ ఖాళీలో మళ్ళీ చుక్క. చుక్క కోశాక వంతెనలు పట్టుకోడానికి రేకు పెద్దగా మిగలడం లేదు. ‘ఠ’ ఉన్న వరి రకమేదీ నాకు తగల్లేదు గనక తొందరేం లేదు.