చీమకుర్తి రాతిగనులు

ఒంగోలునుండి కర్నూలు త్రోవను పడమరగా పోయినచో ఇంచుమించు ఇరువది కిలోమీటర్ల దూరమున చీమకుర్తి యున్నది. సంతనూతలపాడు దాటువఱకు ఇరుప్రక్కల పొగాకు, మిరప, శనగచేలే. అంతలో కొండలవంటి రాళ్ళగుట్టలు కానవచ్చును. అవి కొండలు కావు. గనులనుండి త్రవ్వి పాఱబోసిన పనికిరాని రాయి. మంచి రాయి లారీలపై నెక్కి రేవులకు పోవును.

ఈ రాతిని మన సోదరీమణులలో పెక్కురు చూచియే యుందురు. నల్లని నునుపుపై బంగారుపొడి చల్లినట్లు మెఱయు వంటింటిగట్టు ఎవరియింటనైన నున్నచో అది చీమకుర్తి రాయియే. ఇచ్చటివారు దీనిని గెలాక్సీ యందురు. వర్తకులకిది గ్రానైటు, భూగర్భశాస్త్రజ్ఞులు మాత్రము గాబ్రో జాతిలో చేర్తురు. అమెరికా యిల్లాండ్రును దీనిపైననే కూరలు తఱుగుచున్నారు.

మేము రామతీర్థమువైపు పోయి, ఒక గని యంచున నిలిచి క్రిందికి చూచితిమి. మెట్లుమెట్లుగా కోసిన లోతు. అడుగున యంత్రములు పిల్లల బొమ్మలవలె నగపడినవి. వజ్రపు పూసలు గ్రుచ్చిన తీగతో రాతిని జున్నువలె కోయుచున్నారు. ఒడిషానుండియు, బీహారునుండియు వచ్చిన కూలీలు పెక్కురు. దారిప్రక్క చెట్ల ఆకులు ఏ కాలమందును పచ్చగా నుండవట; మేము చూచినపుడు బూడిదరంగున నుండెను.

ఈ యూర రాయి యెంత గట్టిదో, దాని చుట్టునున్న సంఘములును అంత గట్టివి. గనుల యజమానులకొక సంఘము, కోతమిల్లులవారికొకటి, లారీలవారికొకటి. వీరి ప్రయోజనము లొక్కటి గావు. గనివాడు దిమ్మను దిమ్మగనే విదేశమున కమ్మ గోరును. మిల్లువాడు దిమ్మ యిక్కడనే చౌకగా తనకు దొరకవలెనని గోరును. సీనరేజి పెరిగినపుడు మాత్ర మందఱు నొక్కటగుదురు. 2017 జులైలో కోసిన పలకలపై నూటికి 28 వంతుల జి.ఎస్.టి. పడగా, దేశమందలి రాతివర్తకులు మొఱపెట్టుకొనిరి. నవంబరులో అది 18 వంతులకు తగ్గినది. మొఱ వినబడుటకు గొంతుక లొక్కటి గావలెను గదా.

దీనినే అమెరికావారు లాబీయింగ్ అందురు. లాబీ యనగా సభాభవనపు చావడి. సభ్యులు వచ్చిపోవు చావడిలో కాచుకొని తమ పని చెప్పుకొనుటనుబట్టి ఆ పేరు గలిగెను. ప్రభుత్వమునకు విన్నవించుకొను హక్కును వారి రాజ్యాంగమునకు 1791లో జరిగిన సవరణమే యిచ్చినది. మనవంటిగట్టు సంగతియే చూడుడు: 2019లో కేంబ్రియా యను అమెరికా సంస్థ, భారతదేశమునుండియు టర్కీనుండియు వచ్చు కృత్రిమ క్వార్ట్జు పలకలపై అదనపు సుంకము వేయుడని అర్జీ యిచ్చెను. అట్టి పలకలను తెప్పించి, కోసి యమర్చు అమెరికావారే దాని నెదిర్చిరి. 2020లో సుంకము పడనే పడెను. అయినను 1995 నాటి చట్టమువలన అచ్చట చావడి పనివారు తాము ఎవరి పక్షమున, ఏ విషయమున, ఎంత సొమ్ముతో పనిచేయుచున్నదియు పద్దు వ్రాసి బహిరంగపఱుపవలెను. మన దేశమున నట్టి చట్టము లేదు. చావడి యున్నది, పద్దు లేదు.

ఎన్నికలందును ధనము మాట యంతే. మన రాష్ట్రమున శాసనసభకు నిలుచువాడు 40 లక్షలకు మించి వ్యయము చేయరాదని 2022లో హద్దు పెట్టిరి. పార్టీల వ్యయమునకు హద్దే లేదు. దాత పేరు ప్రజలకు తెలియనీయని ఎన్నికల బాండ్లను సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరి 15న కొట్టివేసెను. చీమకుర్తి చేరిన సంతనూతలపాడు నియోజకవర్గము షెడ్యూల్డు కులములవారికి ప్రత్యేకింపబడినది. గ్రానైటు వర్తకులు ఈ జిల్లాలో ఇతర స్థానములనుండి నెగ్గి మంత్రులైరి. శిద్దా రాఘవరావుగారు 2014లో దర్శినుండి నెగ్గినవారే. వర్తకుడు సభకుపోవుట తప్పుగాదు. ధూళి మ్రింగువారి పక్షమున నెవరు పోవుచున్నారన్నదే మా సందేహము.

ఆ సందేహముతోనే గనిదారిలో టీకొట్టు నడపు నొక యిల్లాలిని పలుకరించితిమి.

“రాళ్లోళ్లకి సంఘం ఉంది, లారీలోళ్లకి సంఘం ఉంది. మాకేముందమ్మా, అయిదేళ్లకో ఓటు తప్ప!” అని యామె నవ్వెను.

మేము దూబగుంట మాట చెప్పితిమి. ప్రక్కనున్న నెల్లూరు జిల్లాలో, అక్షరములు దిద్దుకొనుటకు గూడిన స్త్రీలు సారా కొట్లను మూయించి, 1992లో పాటలనే ఆపించిరి. సారా కంట్రాక్టర్ల ధనబలము తక్కువదా? అయినను 1993 అక్టోబరు 1నుండి రాష్ట్రమంతట సారా నిషేధింపబడెను. 1994 ఎన్నికలలో మద్యనిషేధమే పెద్ద మాట యయ్యెను. ఆ సంపూర్ణ నిషేధము 1997లో సడలిపోయినది, నిజమే. సారా యుద్యమము మాత్ర మాడువారిదే.

తన పొదుపు సంఘమున పదిమంది యున్నారని ఆమె చెప్పెను. 2015లో గనుల చట్టమును సవరించి, త్రవ్వకమువలన బాధపడు గ్రామములకై జిల్లా ఖనిజ నిధి నేర్పఱచిరనియు, నీటికిని వైద్యమునకును బడులకును ఆ సొమ్ము వెచ్చింపవలసి యున్నదనియు మేము చెప్పగా, ఆమె చేతిలోని గ్లాసు క్రింద బెట్టెను.

“ఆ డబ్బు మా ఊరికి ఎంతొచ్చిందో అడగొచ్చా అమ్మా?”

“అడుగవచ్చును. సమాచారహక్కు చట్టము 2005నుండి యున్నది.”

“శుక్రవారం మా సంఘం కూర్చుంటది. ఆ నిధి పేరు రాసియ్యండి, పిల్లతో చదివిస్తా.”

పద్దుపుస్తకమునుండి యొక కాగితము చించి యిచ్చెను. పెద్ద యక్షరములతో వ్రాసి యిచ్చితిమి.