ఖాళీ వేళల అల్లిక

డిసెంబరు సెలవుల్లో నాలుగు రోజులు నరసాపురంలో ఉన్నాం, నేనూ నా స్నేహితురాలూ. సముద్రం చూడాలన్నది తన కోరిక. నాకు మాత్రం ఆ ఊరు మొదట పుస్తకంలోనే పరిచయం. నరసాపురం లేసు స్త్రీల మీద మరియా మీస్ రాసిన పుస్తకం 1982లో వచ్చింది. ప్రపంచ మార్కెట్టుకి సరుకు తయారుచేసే ఆడవాళ్లు శ్రామికుల లెక్కలోకి రాకుండా గృహిణులుగానే ఎలా ఉండిపోతారో ఆమె ఈ ప్రాంతపు ఇళ్లలోనే చూసింది. దాన్నే ‘గృహిణీకరణ’ అంది. పీహెచ్‌డీ రోజుల్లో అండర్‌లైన్లు గీసుకున్న ఊళ్లో కూచుని పెసరట్టు తినడం తమాషాగానే ఉంది.

మాధవాయిపాలెం రేవులో పంటు ఎక్కి వశిష్ట గోదావరి దాటితే సఖినేటిపల్లి. అక్కణ్నించి అంతర్వేది. రేవు గట్టు మీద ఉడికించిన తేగలు అమ్ముతున్నారు. ‘మేం గేగులంటం’ అంది నా స్నేహితురాలు. తనది నల్గొండ. అమ్మే ఆవిడకి ఆ మాట భలే నచ్చి రెండుసార్లు అనుకుని చూసుకుంది.

మర్నాడు ఆత్రేయపురం. పూతరేకు నోట్లో కరిగిపోవడం గురించి అందరూ చెప్తారు. దాన్ని తీసే చోటు వేడి గురించి తక్కువగా చెప్తారు. బోర్లించిన కుండ కింద మంట. పల్చటి బియ్యప్పిండి జారులో గుడ్డ ముంచి, కాలిన కుండ వీపు మీద ఒక్కసారి లాగాలి. క్షణంలో పొర కడుతుంది, చిరక్కుండా ఒలవాలి. మళ్లీ గుడ్డ, మళ్లీ కుండ. పొగలో కళ్లు చికిలించుకుని పొద్దంతా ఆ చేయి అలా ఊగుతూనే ఉంటుంది. నెయ్యీ చక్కెరా పడేది ఆ తర్వాత. 2023లో ఆత్రేయపురం పూతరేకులకీ, 2024లో నరసాపురం లేసుకీ భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. అయితే ఆ గుర్తింపు కాపాడేది ఊరి పేరుని. కూలి సంగతి దాని పరిధిలోది కాదు.

లేసు అల్లేవాళ్లని చూడ్డానికి నరసాపురం పక్కనే ఉన్న ఒక పల్లెకి వెళ్లాం. 19వ శతాబ్దంలో మిషనరీలు క్రైస్తవం తీసుకున్న పేద స్త్రీలకి నేర్పిన పని ఇది. తర్వాత గడప దాటని కాపు స్త్రీల చేతుల్లోకీ వచ్చింది. మీస్ చూసిన రోజుల్లో పొలం కూలీకి వెళ్లే స్త్రీలకి వీళ్లకంటే ఎక్కువే దక్కేది. ఆ తేడాని పరువు పూడ్చేది. పరువు కూడా ఒక కూలి రేటేనేమో అని నాకనిపిస్తుంటుంది.

అరుగు మీద కూచున్న పెద్దావిడ మాతో మాట్లాడుతూనే, చేతుల వంక చూడకుండా పువ్వు తర్వాత పువ్వు అల్లుతోంది.

‘పనేం కాదండి. ఖాళీగా ఉన్నప్పుడు అల్లుకుంటాం.’

‘ఖాళీ ఎప్పుడు దొరుకుతుందండీ?’

‘పొద్దున్న వంటయ్యాక కాసేపు. మజ్జానం తిన్నాక దీపాలేళ దాకా. రాత్రి సీరియల్ అయ్యేదాకానండి.’

స్నేహితురాలు వేళ్లు మడిచి లెక్కేసింది. ఏడు గంటలు దాటింది. కోడలు కనబడలేదేమని అడిగితే, ‘డ్యూటీకెళ్లిందండి’ అంది. రొయ్యల కంపెనీలో తలలు తీసే పని. ఒకే ఇంట్లో ఇద్దరాడవాళ్లు. ఒకరిది డ్యూటీ, ఒకరిది ఖాళీ.

ఆవిడ అల్లేది పువ్వులే. వాటిని కలిపే అతుకుపని వేరేవాళ్లది. అన్నీ కలిశాక టేబుల్ గుడ్డ ఎలా ఉంటుందో ఏజెంటు ఫోనులో ఒకసారి చూసిందట. ఒడిలో పోగుపడ్డ పువ్వుల్లో నాలుగు నాకు అమ్మమని అడిగాను.

‘అమ్మో, దారం వాళ్లదండి. లెక్కుంటది. ఊళ్లో షాపులో దొరుకుతాయి, అక్కడ కొనుక్కోండి.’ మేం మెట్లు దిగుతుంటే వెనక నుంచి పిలిచింది. ‘కొంటే, ఎంతకిచ్చారో కాస్త వచ్చి చెప్పి వెళ్లండమ్మా.’