బోర్డు లేని బండి

హైదరాబాదులో తక్కువ పైసలకు మంచి బువ్వ ఎక్కడ దొరుకుతుందని మా వాడల పిల్లలు నన్ను అడుగుతుంటారు. కోచింగ్‌కని, యూనివర్సిటీ సీటుకని ఊర్ల నుంచి కొత్తగా వచ్చినోళ్లు. పదిహేనేండ్లుగా ఈ పట్నంలో తిని బతుకుతున్న సర్కారు బడి పంతుల్ని కనుక నాకు తెలిసింది చెప్తాను. అయితే మంచి హోటలంటే నా లెక్క వేరు. రుచి తర్వాత చూస్తాను, ముందు గ్లాసు చూస్తాను.

మాది నల్లగొండ జిల్లాలో ఒక పల్లె. 1997లో నాకు తొమ్మిదేండ్లు. అప్పటికి కూడా మా ఊరి హోటల్లో మాల, మాదిగల గ్లాసులు చూరులో చెక్కి ఉండేవి. మా అయ్య గ్లాసు గుంజుకొని, కడుక్కొని, బయట గొంతుకూర్చుంటే చాయ్ పైనుంచి పోసేటోళ్లు. తాగినాక మళ్లా కడిగి చూరులనే చెక్కాలె. పైసలు మాత్రం అందరియీ ఒక్క డబ్బాలనే పడేవి. రాజ్యాంగంలోని 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసిందనీ, 15వ అధికరణం ప్రకారం కులం పేరుతో ఎవర్నీ హోటల్లోకి రాకుండా ఆపొద్దనీ, 1955లోనే శిక్షలు వేసే చట్టం వచ్చిందనీ నేను తర్వాత పుస్తకాల్లో చదువుకున్నాను. మా అయ్యకు తెలిసింది ఆ చూరు ఒక్కటే.

అందుకే పట్నం వచ్చినాక ఇరానీ హోటల్ నాకు అంతగా నచ్చింది. సికింద్రాబాద్ స్టేషన్ దిక్కు ఒక హోటల్లో మొదటిసారి కూర్చున్నప్పుడు చాయ్ కంటే ముందు కప్పులు కడిగే పిల్లగాణ్ని చూసిన. ఆటో డ్రైవర్ కప్పు, టై కట్టుకున్న ఆఫీసర్ కప్పు, నా కప్పు అన్నిటినీ ఒకే టబ్బులో ముంచి తీస్తున్నడు. పక్కనున్న దోస్తు "గలీజురా" అని మొఖం తిప్పుకున్నడు. నాకు మాత్రం పానం నిమ్మళమైంది. ఇరాన్ నుంచి వలసొచ్చినోళ్లు మొదలుపెట్టిన హోటళ్లు ఇవి. చాయ్, ఉస్మానియా బిస్కెట్, చోటీ సమోసా ముందర పెట్టుకొని గంట కూర్చున్నా, నువ్వెవరని ఎవరూ అడగరు.

ఆ తర్వాత పాతబస్తీలో కళ్యాణి బిర్యానీ దొరికింది. పెద్దకూర బిర్యానీ అది. పేదోడి బిర్యానీ అంటారు. మటన్ బిర్యానీ కంటే చాలా చౌక. ఊర్లో మా అవ్వ పెద్దకూర వండితే వాసన బయటికి పోకుండా తలుపు దగ్గరికేసేది. ఇక్కడ అదే కూర డేగ్‌చాలో, రోడ్డు మీదికి ఆవిర్లు కక్కుతూ కనిపించింది. నేను బి.ఎడ్. చదివే రోజుల్లోనే, 2012 ఏప్రిల్ 15న ఉస్మానియాలో బీఫ్ ఫెస్టివల్ జరిగింది. దాని మీద దాడులు, కొట్లాటలు అయినయి. ఏం తినాలన్నది మన ఇష్టం అని చెప్పుకోవడానికి కూడా దెబ్బలు తినాల్సి వచ్చింది.

ఇక బోర్డుల సంగతి. ఈ పట్నంలో రెడ్డి మెస్‌లున్నాయి. చౌదరి పేరు మీద, శర్మ పేరు మీద, బ్రాహ్మణ భోజనమనీ బోర్డులున్నాయి. కులాన్ని రుచికీ శుభ్రానికీ హామీపత్రం లెక్క గోడకు కొట్టుకుంటారు. మాదిగ మెస్ అని గాని, మాల భోజనశాల అని గాని నేను ఎక్కడా చూడలేదు. వండటం రాక కాదు గదా?

మా బడి దగ్గర సాయంత్రం ఒక రొట్టెల బండి పెడతారు. నారాయణపేట దిక్కు నుంచి వలసొచ్చిన అక్క నడుపుతుంది. జొన్నపిండిలో ఉడుకునీళ్లు పోసి పిసికి, రొట్టెను చేత్తోనే తట్టి పెనం మీద వేస్తుంది. కూరలు రెండే. ఏ రోజుది ఆ రోజే అయిపోతుంది. మా స్టాఫంతా అక్కడే పార్సిల్ కట్టించుకుంటారు. "చెయ్యి ఎంత శుభ్రం! మనోళ్ల ఇంట్ల తిన్నట్టే ఉంటది" అంటాడు మా లెక్కల సారు. ఆ 'మనోళ్లు' ఎవరో నాకు తెలుసు.

ఒక ఏప్రిల్ 14 నాడు ట్యాంక్‌బండ్ మీద బాబాసాహెబ్ విగ్రహం కాడికి పోయి, నీలి కండువాతోనే ఆ బండి కాడికొచ్చిన. అక్క పైసలు తీసుకోలేదు. చుట్టూ చూసి, "మాది గూడ వాడనే సారూ. మీ సార్లకు చెప్పకురి, బిడ్డ డిగ్రీ చదువుతుంది" అన్నది. బండికి పేరెందుకు పెట్టలేదంటే, "ఏం పేరు రాయాలె సారూ?" అని నన్నే అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

బడుల్లో మధ్యాహ్న భోజనం వండే పనికి దళితులకే ప్రాధాన్యం ఇవ్వాలని 2004లో సుప్రీంకోర్టు చెప్పింది. రోడ్డు మీద బండికి మాత్రం ఏ కోర్టు ఉత్తర్వూ అక్కరకు రాదు. ఆ అక్క కులం తెలిస్తే మా స్టాఫ్‌లో ఎంతమంది రేపు కూడా పార్సిల్ కట్టించుకుంటారో నేను చెప్పలేను.

కనుక తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, గుర్తులు చెప్తాను. హమాలీలు, ఆటోవాళ్లు తినే చోట తినండి. ధర బోర్డు మీద రాసి ఉందా, కూరలు రెండు మూడే ఉన్నాయా, పెనం మీకు కనపడుతుందా చూడండి. గ్లాసులన్నీ ఒక్కచోటే కడుగుతున్నారా చూడండి. "మీరు ఏమిట్లు?" అని అడిగితే లేచి రండి. మా బడి కాడి బండి అడ్రసు మాత్రం రాయను. ఆ బిడ్డకు డిగ్రీ ఇంకా రెండేండ్లుంది.