వకీలు గడప తొక్కే ముందు: గుంటూరులో ఒక పరిశీలన

రోడ్డు ప్రమాదంలో గాయపడినవారికి, మరణించినవారి కుటుంబాలకు పరిహారం నిర్ణయించే అధికారం 1988 నాటి మోటారు వాహనాల చట్టం కింద ఏర్పడిన మోటారు ప్రమాద క్లెయిముల ట్రిబ్యునళ్లకు ఉంది. వాటి ముందు దాఖలయ్యే దరఖాస్తును తెలుగు రాష్ట్రాల కోర్టుల్లో ఎం.వి.ఓ.పి. అని వ్యవహరిస్తారు. గుంటూరు బ్రాడీపేటలో ప్రధానంగా ఇటువంటి కేసులే చేపట్టే ఒక న్యాయవాది కార్యాలయాన్ని సందర్శించినవారికి, కేసు తుది ఫలితంలో ఎంతో భాగం కక్షిదారు తొలిసారి ఆ గదిలోకి వచ్చేటప్పుడు వెంట ఏమి తెచ్చుకున్నాడు, ఏమి చెప్పగలిగాడు అన్నదానిమీదే ఆధారపడి ఉంటుందని తెలిసివస్తుంది.

కోర్టు వేళలు ముగిసిన తరువాత, సాయంత్రం ఆరు దాటాక, ఈ కార్యాలయం నిండుతుంది. బయటి గదిలో గుమాస్తా బల్ల, దాని వెనుక నాడాలతో కట్టిన కేసు కట్టలున్న ఇనుప బీరువాలు, గోడవారగా ఒక పొడవాటి బెంచీ ఉంటాయి. ఆ బెంచీ మీద కూర్చున్న దాదాపు ప్రతి కుటుంబం చేతిలోనూ ఆసుపత్రి పేరున్న ప్లాస్టిక్ సంచి, అందులో ఎక్స్‌రేలు, మందుల బిల్లులు కనిపిస్తాయి. అయిన ఖర్చును నిరూపించుకోవాలన్న తపన అందరిలోనూ ఉంది కాని, పోయిన సంపాదనను నిరూపించుకోవాలన్న ఎరుక చాలా తక్కువమందిలో ఉంది. ఈ పరిశీలనలో అన్నిటికంటే బాధ కలిగించిన విషయం ఇదే.

ఆ సాయంత్రం వచ్చినవారిలో మిర్చి యార్డులో ముఠా పని చేసే ఒక కార్మికుడి భార్య, ఆమె తమ్ముడు ఉన్నారు. ముప్పై ఎనిమిదేళ్ల ఆ కార్మికుడు ద్విచక్ర వాహనం మీద ఇంటికి వస్తుండగా లారీ ఢీకొని కుడికాలి ముంగాలి ఎముక విరిగింది. లోపల రాడ్డు వేశారు, నడక వచ్చింది కాని బరువెత్తలేకపోతున్నాడు. న్యాయవాది బిల్లుల కట్టను పక్కన పెట్టి, "ఆయన రోజుకు ఎన్ని టిక్కీలు మోసేవాడమ్మా?" అని అడిగారు. టిక్కీ అంటే మిర్చి నింపిన బస్తా. "సీజన్లో లెక్కుండదండీ, మేస్త్రి పుస్తకంలో రాసుకుంటాడు" అని ఆమె చెప్పగా, "ఆ పుస్తకమే కావాలి, మేస్త్రిని కూడా సాక్షిగా పిలవాలి" అని ఆయన అన్నారు.

ఈ ప్రశ్న వెనుక సుదీర్ఘమైన న్యాయ చరిత్ర ఉంది. రాజ్ కుమార్ కేసులో 2011లో సుప్రీంకోర్టు, వైద్యుడు ధ్రువీకరించే శారీరక వైకల్య శాతం వేరు, ఆ వైకల్యం వల్ల ఆ వ్యక్తి తన వృత్తిలో కోల్పోయే సంపాదన శక్తి వేరు అని స్పష్టం చేసింది. ఈ రెండవదానినే క్రియాత్మక వైకల్యం అంటారు. వయసును బట్టి ఎన్నేళ్ల ఆదాయాన్ని లెక్కకు తీసుకోవాలో సూచించే గుణకాల పట్టికను 2009లో సరళా వర్మ తీర్పు స్థిరపరచింది. నలభై ఏళ్ల లోపు స్వయం ఉపాధివారి ఆదాయానికి భవిష్యత్ వృద్ధి కింద 40 శాతం కలపాలని 2017లో ప్రణయ్ సేఠీ తీర్పు నిర్దేశించగా, ఆ ప్రయోజనం శాశ్వత వైకల్యం పొందిన క్షతగాత్రులకూ వర్తిస్తుందని 2020లో పప్పు దేవ్ యాదవ్ తీర్పు తేల్చింది. ఉదాహరణకు నెలకు 15,000 రూపాయల సంపాదన రుజువైందనుకుంటే, సంవత్సరాదాయం 1,80,000 అవుతుంది; 40 శాతం కలిపితే 2,52,000; ముప్పై ఎనిమిదేళ్ల వయసుకు వర్తించే 15తో గుణిస్తే 37,80,000. వైద్యుడి పత్రంలో 20 శాతం వైకల్యం అని ఉందనుకుని, దాన్నే ఆదాయ నష్టంగా తీసుకుంటే ఆ పద్దు కింద వచ్చేది 7,56,000 రూపాయలు. బరువు మోయడమే బతుకుతెరువైన మనిషికి సగం సంపాదన శక్తి పోయిందని ట్రిబ్యునల్‌ను ఒప్పించగలిగితే అదే 18,90,000 అవుతుంది. ఈ తేడాను నిలబెట్టేది మందుల చీటీలు కావు, మేస్త్రి పుస్తకం, బ్యాంకు పాసుబుక్కు, తోటి కార్మికుల సాక్ష్యం.

మిగిలిన పత్రాలు సేకరించడం శ్రమే కాని కష్టం కాదు. ఎఫ్‌ఐఆర్, అభియోగపత్రం, ఆసుపత్రి నుంచి పోలీసులకు అందే వూండ్ సర్టిఫికెట్, వాహనాన్ని తనిఖీ చేసిన మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు నివేదిక, లారీ రిజిస్ట్రేషన్, బీమా పాలసీ వివరాలు, డిశ్చార్జి సమ్మరీ ముఖ్యమైనవి. 2022లో అమలులోకి వచ్చిన నియమాల ప్రకారం దర్యాప్తు అధికారి 48 గంటల్లో తొలి ప్రమాద నివేదికను ట్రిబ్యునల్‌కు, బీమా సంస్థకు పంపాలి కనుక, దాని ప్రతి కోసం స్టేషన్‌లో అడగడం సబబు. 2019 సవరణతో తిరిగి వచ్చి 2022 ఏప్రిల్ 1 నుంచి అమలైన, దరఖాస్తు దాఖలుకు ఆరు నెలల గడువు ఇంకా ముఖ్యం. దాని చెల్లుబాటును ప్రశ్నించే పిటిషన్లు సుప్రీంకోర్టుకు వెళ్లినప్పటికీ, ఆ భరోసాతో ఆలస్యం చేయడం ఏ కుటుంబానికీ క్షేమం కాదు. ప్రమాదం వేరే జిల్లాలో జరిగినా, బాధితుడు నివసించే చోటి ట్రిబ్యునల్‌లోనే దరఖాస్తు వేసుకునే వీలు చట్టం కల్పించింది.

పత్రాలకంటే చెప్పడానికి కష్టమైనవి కొన్ని ఉంటాయి: లైసెన్సు గడువు తీరిపోవడం, హెల్మెట్ లేకపోవడం, మద్యం తాగి ఉండడం, అదే కాలికి పాత గాయం ఉండడం. కుటుంబాలు వీటిని దాచిపెడతాయి. అవి ఎదుటిపక్షం క్రాస్ ఎగ్జామినేషన్‌లో బయటపడితే, ముందే తెలిసుంటే సమాధానం సిద్ధం చేసుకోగలిగిన న్యాయవాదికి అప్పటికప్పుడు దారి దొరకదు. భారతీయ సాక్ష్య అధినియం 132వ సెక్షను ప్రకారం కక్షిదారు చెప్పగా వృత్తిరీత్యా తెలిసిన మాటలను అతని సమ్మతి లేకుండా న్యాయవాది వెల్లడించరాదు, ఆ కట్టుబాటు గుమాస్తాకూ వర్తిస్తుంది. కనుక భయం లేకుండా చెప్పవచ్చు. పై కుటుంబంలో తమ్ముడు కాసేపు తటపటాయించి, బావ లైసెన్సు రెన్యువల్ కాలేదని చివరకు చెప్పాడు. న్యాయవాది కసురుకోకుండా, ఢీకొట్టింది లారీయే కనుక లైసెన్సు లేనంత మాత్రాన తప్పు ఆయనదైపోదని వివరించి, విషయం మాత్రం నోట్‌బుక్కులో రాసుకున్నారు.

ఫీజు విషయం కూడా ఆ మొదటి రోజే మాట్లాడుకోవాలి. వచ్చే పరిహారంలో వాటా తీసుకునే ఒప్పందాలను బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాలు నిషేధించాయి. కనుక శాతం మాట ఎత్తేవారిని, ముఖ్యంగా ఆసుపత్రి వరండాలోనే వకాలత్ మీద సంతకం అడిగే మధ్యవర్తులను, మర్యాదగానే అయినా నిరాకరించాలి. వకాలత్ అంటే తన తరఫున కోర్టులో వాదించమని అధికారమిచ్చే పత్రం. అందులో ఖాళీలు నింపకుండా వేలిముద్ర వేయరాదు. ఒరిజినల్ పత్రాలు అప్పగిస్తే వాటి జాబితాతో రసీదు తీసుకోవడం కుటుంబం హక్కు. ఈ కార్యాలయంలో గుమాస్తా అడగకుండానే ఇచ్చాడు.

ఫీజు భరించలేనివారికి 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ఉచిత న్యాయ సహాయం కల్పించింది. స్త్రీలు, పిల్లలు, దళితులు, గిరిజనులు, వికలాంగులు ఆదాయంతో నిమిత్తం లేకుండా దీనికి అర్హులు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయంలో నేరుగా దరఖాస్తు ఇవ్వవచ్చు, 15100కు ఫోను చేసి అడగనూ వచ్చు.