ఉదయగిరి ప్రయాణంలో తెలిసిన ట్యాంకు సంగతులు

నెల్లూరు అనగానే అందరికీ మొలగొలుకుల బియ్యం, చేపల పులుసు గుర్తుకొస్తాయి. అవి తూర్పు వైపు సంగతులు. మాది పడమటి వైపు, మెట్ట ప్రాంతం. ఆత్మకూరు దాటి ఉదయగిరి దారి పట్టారంటే వరిమళ్లు తగ్గిపోయి ఎర్రనేలలు, చిట్టడవి, రాళ్లగుట్టలు కనిపిస్తాయి. పెన్న మీద కట్టిన సోమశిల ప్రాజెక్టు మా ఆత్మకూరుకు దగ్గరే కాబట్టి మాకు కొంత నయం. ఉదయగిరి వైపు వాళ్లకు ఎండాకాలం వచ్చిందంటే నీళ్ల చింతే. అందుకే మా వైపు ఆడవాళ్లకు బిందెను వేలితో కొట్టి అందులో నీళ్లెంత ఉన్నాయో చెప్పే విద్య చిన్నప్పుడే అబ్బుతుంది.

పోయిన వేసవిలో మా చిన్న ఆడపడుచు అమెరికా నుంచి పిల్లలతో వచ్చింది. ఉదయగిరిలో మా చిన్నత్త ఒక్కతే ఉంటుంది. ఆవిడను చూసినట్టూ ఉంటుంది, పిల్లలకు కోట చూపించినట్టూ ఉంటుందని కారు మాట్లాడుకుని పొద్దున్నే బయలుదేరాం. పులిహోర, పెరుగన్నం, రెండు క్యాన్ల మంచినీళ్లు సర్దుకున్నాను. ప్రయాణమంటే మన ఆడవాళ్లకు తిండి కంటే పెద్ద బెంగ బాత్‌రూమే కదా! దారిలో ఎక్కడ ఆగాలి, అక్కడ నీళ్లుంటాయా అని ముందే లెక్కలు వేసుకుంటాం. నేను ఆ మాటే అంటే మా ఆడపడుచు నవ్వింది.

"బాత్‌రూము బండిలోనే ఉన్నా బెంగ తప్పదు వదినా" అంటూ వాళ్ల సంగతి చెప్పింది.

అమెరికాలో ఇల్లులాంటి బండ్లుంటాయట. ఆర్‌వీ అంటారు. మంచం, పొయ్యి, సింకు, స్నానాల గది, మరుగుదొడ్డి అన్నీ అందులోనే. సెలవుల్లో అలాంటి బండి అద్దెకు తీసుకుని గ్రాండ్ కాన్యన్ చూడటానికి పోయారు. ఆ బండి కింద మూడు ట్యాంకులుంటాయి. ఒకటి మంచినీళ్లకు, ఒకటి సింకు, స్నానం నీళ్లు పడటానికి, ఒకటి మరుగుదొడ్డికి. ఏది ఎంత నిండిందో చూపించడానికి లోపల గోడకు ఒక పలక, దానిమీద చిన్న చిన్న దీపాలు. ఖాళీ, మూడో వంతు, మూడింట రెండు వంతులు, నిండింది అని వెలుగుతాయి. నిండగానే దారిలో అందుకోసమే ఉన్న చోట ఆగి, గొట్టం తగిలించి ఖాళీ చేసుకోవాలి.

రెండో రోజు సాయంత్రం ట్యాంకు ఖాళీ చేసి వచ్చారు. అయినా దీపం మూడింట రెండు వంతుల దగ్గరే వెలుగుతోంది. సరిగ్గా పోలేదేమోనని చీకట్లో మళ్లీ పోయి గొట్టం తగిలిస్తే చుక్క కూడా రాలేదు! ఇంకో రోజు మంచినీళ్ల దీపం సగమని చూపిస్తుంటే, నడిదారిలో కుళాయి ఆగిపోయింది.

"అంత డబ్బు పోసి కొన్న బండికి అదేం రోగం?" అన్నాను.

దానికి కారణం ఆమె విడమరిచి చెప్పింది. ట్యాంకు గోడకు వేరువేరు ఎత్తుల్లో మేకుల్లాంటివి బిగిస్తారు. నీళ్లు పైకొచ్చి మేకుకు తగిలితే నీళ్ల ద్వారా సన్నటి కరెంటు పారి దీపం వెలుగుతుంది. మరుగుదొడ్డి ట్యాంకులో కాగితాలు, మడ్డి ఆ మేకులకు అతుక్కుంటాయి. నీళ్లు దిగిపోయినా ఆ తడి మడ్డి ద్వారా కరెంటు పారుతూనే ఉంటుంది. మన సింకు ట్యాంకైతే నూనె జిడ్డు, సబ్బు పేరుకుని అదే పని చేస్తాయి. మేకు తుప్పు పట్టినా, తీగ ఊడినా నిండిన ట్యాంకు కూడా ఖాళీ అని చూపిస్తుంది. ట్యాంకు బయటి గోడకు అంటించే కొత్త రకాలు కూడా వచ్చాయట. వాటికి మురికి తగలదు కాబట్టి కొంత నయం అంది.

"మరి మీరేం చేశారు?"

"చేసేదేముంది వదినా, దీపాన్ని చూడటం మానేశాం. మన పాల లెక్కలాగా కాగితం మీద గీతలు పెట్టుకున్నాం. ఎన్నిసార్లు వాడితే ఎన్ని నీళ్లు పోతాయో ఒకరోజు చూసుకుంటే తెలిసిపోయింది. తర్వాత గీతలు లెక్కపెట్టుకుని పోయి ఖాళీ చేసేవాళ్లం. మరుగుదొడ్డిలో నీళ్లు ధారాళంగా పోయాలి, పొదుపు చేస్తే మడ్డి గట్టిపడి కింద కుప్పగా ఉండిపోతుంది. ఖాళీ చేసేటప్పుడు ముందు మరుగుదొడ్డి ట్యాంకు, తర్వాత సింకు ట్యాంకు వదలాలి. ఆ సబ్బునీళ్లతో గొట్టం కడిగినట్టవుతుంది."

ఎండిన చేలు చూస్తూ ఈ కబుర్లు చెప్పుకుంటుండగానే దూరాన ఉదయగిరి కొండ కనిపించింది. ఊరికి గోడ కట్టినట్టు నిటారుగా ఉంటుంది. దాదాపు 3 వేల అడుగుల ఎత్తు. ఈ కోట గజపతుల చేతిలో ఉండేది. శ్రీకృష్ణదేవరాయలు 1513లో ముట్టడి మొదలుపెడితే 1514లో గానీ వశం కాలేదు. అంత కాలం పట్టిందంటే కొండ ఎంత గట్టిదో చూడండి. ఆ విజయానికి గుర్తుగా ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని రాయలు విజయనగరానికి తీసుకుపోయి గుడి కట్టించాడు. మేము ఎండ ముదరకముందే కొంత దూరం ఎక్కి దిగాం. పైదాకా పోవాలంటే చలికాలం రావాలి, తెల్లవారుజామున మొదలుపెట్టాలి, నీళ్లు మనమే మోసుకుపోవాలి.

చిన్నత్త ఇంటికి చేరేసరికి గేటు దగ్గరే వాసన. పెరట్లో ఇద్దరు మనుషులు, తండ్రీ కొడుకులు, తాడు, బకెట్లు, ఒక లాంతరు పెట్టుకుని నిలబడి ఉన్నారు. సెప్టిక్ ట్యాంకు మూత అప్పటికే సగం జరిపేశారు.

"ఏంది చిన్నత్తా ఇది?" అన్నాను.

"చెప్పేదేముందమ్మా! ట్యాంకు నిండితే కూతపెట్టే అలారం పెట్టించాడు మీ మరిది. పెట్టిన నెల నుంచి రాత్రీ పగలూ ఒకటే కూత. విసుగొచ్చి వైరు పీకేయించా. ఇప్పుడు దొడ్లో నీళ్లు దిగటంలేదు. వీళ్లే గదా ఎప్పుడూ దిగి తీసేది" అంది.

అది మిద్దె మీద నీళ్ల ట్యాంకుకు పెట్టే మామూలు అలారమే. మా ఆడపడుచు దాని తీగలు చూసి, "ఇది మా బండి జబ్బే పిన్నీ" అంది. అయితే ఇక్కడ ఇంకో సంగతి ఉంది. అలారం బాగున్నా ఉపయోగం లేదు. సెప్టిక్ ట్యాంకు ఎప్పుడూ బయటికి పోయే గొట్టం మట్టం దాకా నిండే ఉంటుంది. ఎన్ని నీళ్లు లోపలికి వస్తే అన్ని బయటికి పోతాయి. మనం తెలుసుకోవాల్సింది నీళ్ల మట్టం కాదు, అడుగున మడ్డి ఎంత మందాన పేరుకుందీ అని.

ఇంతలో పెద్దాయన లాంతరు వెలిగించబోయాడు. "దీపం దించి చూస్తామమ్మా. ఆరకపోతే గాలి మంచిదని లెక్క. అప్పుడు మావాడు దిగుతాడు" అన్నాడు. ఆ పిల్లవాడికి ఇరవై ఏళ్లుంటాయేమో. నా గుండె గుభేలుమంది.

"పెద్దాయనా, ముందు ఆ అగ్గిపెట్టె జేబులో పెట్టు, మీరిద్దరూ ఇవతలికి రండి" అని గట్టిగానే అన్నాను.

పాతబావుల్లో దిగేముందు దీపం దించి చూడటం మన వైపు ఎప్పటినుంచో ఉన్నదే. కానీ సెప్టిక్ ట్యాంకులో మీథేన్ అనే మండే గాలి ఉంటుంది. నిప్పు తగిలితే భగ్గుమనవచ్చు. కుళ్లిన కోడిగుడ్డు వాసన వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ ఇంకా ప్రమాదం. మనిషిని పడగొట్టేంత విషం ఉన్నా దీపం ఆరదు, వెలుగుతూనే ఉంటుంది. పోనీ ముక్కును నమ్ముదామా అంటే, ఆ గాలి ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. వాసన పోయింది, ఇక ఫర్వాలేదనుకున్న మనిషి అక్కడే కూలిపోతాడు. అతన్ని లాగబోయి రెండోవాడు, వాడికోసం మూడోవాడు దిగి ప్రాణాలు పోగొట్టుకోవడం పేపర్లలో చదువుతూనే ఉన్నాం. అమెరికా బండిలో దీపం అబద్ధం చెబితే ఒక రాత్రి నిద్ర పోయింది, అంతే. ఇక్కడ దీపాన్ని నమ్మితే ఒక తల్లికి కొడుకు పోతాడు.

చిన్నత్తకు మొదట కోపం వచ్చింది. "ఇన్నేళ్లూ దిగలేదా? వాళ్ల కూలి వాళ్లకు పోగొడతావా?" అంది. ఆ మాటా నిజమే కదా. ఆ రోజు కూలి ఇద్దరికీ ఇప్పించి, గొట్టంతో లాగే ట్యాంకరును ఆత్మకూరు నుంచి ఫోన్ చేసి పిలిపించాం. మూత తీయడం, గొట్టం సర్దడం, చుట్టూ కడగడం వాళ్లిద్దరి చేతే చేయించాం. గంటలో పని అయిపోయింది. ఎవరూ లోపలికి దిగలేదు. సాయంత్రం ఆ పెద్దాయన టీ తాగుతూ, "మా తమ్ముడు ఇట్టాంటి గుంతలోనే పోయాడమ్మా" అన్నాడు. చిన్నత్త ఇంకేమీ మాట్లాడలేదు. లోపలికి పోయి ఇంకో వంద రూపాయలు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

చట్టం సంగతి కూడా మనకు తెలిసి ఉండాలి. సరైన రక్షణ సామగ్రి లేకుండా మనుషులను సెప్టిక్ ట్యాంకులో దించడం 2013లో వచ్చిన చట్టం ప్రకారం నేరం. దించినవారికి మొదటిసారికి రెండేళ్ల వరకు జైలు, లేదా 2 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మురుగు కాలువల్లో చనిపోయినవారి కుటుంబాలకు పరిహారం 30 లక్షలకు పెంచాలని సుప్రీంకోర్టు 2023లో చెప్పింది. కోలారు బంగారు గనుల ఊళ్లో పారిశుద్ధ్య కార్మికుల ఇంట పుట్టిన బెజవాడ విల్సన్ గారు ఈ పని మాన్పించడానికే జీవితం ధారపోశారు. ఆయనకు 2016లో మెగసెసే అవార్డు ఇచ్చారు.

ఇక ఇంట్లో మనం చేసుకోగలిగినవి:

ట్యాంకు ఎప్పుడు తీయించారో తేదీని వంటింట్లో అల్మారా తలుపు లోపల రాసిపెట్టుకోండి. మామూలు సంసారానికి రెండు మూడేళ్లకోసారి తీయించడం మంచిది. బంధువుల రాక ఎక్కువైతే ఇంకా ముందే.

మడ్డి ఎంతుందో తెలియాలంటే ట్యాంకరు వాళ్ల చేత కొలిపించండి. పొడుగాటి కర్రకు చివర గరుకు తెల్లగుడ్డ చుట్టి, మెల్లగా అడుగుదాకా దించి, కాసేపుంచి తీస్తే నల్లటి మరక ఎంత ఎత్తుందో కనిపిస్తుంది. లోతులో మూడో వంతు ఉంటే తీయించాల్సిందే. మూత తీసిన చోట వంగి చూడకూడదు, బీడీ, దీపం దగ్గరికి రానివ్వకూడదు, పిల్లలను ఆ దరిదాపులకే పంపకూడదు.

వంట నూనె, జిడ్డు, పేపర్లు, పాత గుడ్డలు, పిల్లల డైపర్లు దొడ్లో వేయకండి. ఫినాయిలు, ఆసిడ్లు సీసాలకు సీసాలు పోస్తే లోపల మురికిని అరిగించే సూక్ష్మజీవులు చచ్చిపోయి ట్యాంకు తొందరగా నిండుతుంది.

ట్యాంకు నుంచి గాలి పోయే గొట్టం ఇంటి కప్పు కంటే ఎత్తుగా ఉండాలి. దాని మూతికి దోమతెర కట్టండి.

తిరిగి వచ్చేటప్పుడు ఉదయగిరి కొయ్య గరిటెలు కొన్నాం. ఇక్కడి ఆడవాళ్లు ఇళ్లల్లోనే కూర్చుని చెక్కుతారు. దోసె పెనానికి, నాన్‌స్టిక్ గిన్నెలకు గీత పడకుండా బాగుంటాయి. మీరెప్పుడైనా ఆ దారిన పోతే కోట చూడండి, గరిటెలు కొనుక్కోండి. ఈలోగా మీ ఇంటి ట్యాంకు ఎప్పుడు తీయించారో ఇవాళే ఇంట్లో వాళ్లనడిగి రాసిపెట్టుకోండి. ట్యాంకరు నంబరు కూడా దాని పక్కనే రాయండి, మూత ఎత్తాల్సిన రోజున తాడు, లాంతరు వెతుక్కునే అవసరం రాదు.