ఏరువాక పున్నమ

రోహిణి కార్తె యెండలకు రోళ్లు పగులునని పెద్దల సామెత. ఆ దినములలోనే మాయమ్మ ఆవకాయ జాడీలకు వాసెన గట్టును. జూన్ మొదటివారము దాటి మృగశిర ప్రవేశింపగానే మేమందరమును తొలకరికై ఆకాశమువైపు చూచుచుందుము.

ప్రతి జ్యేష్ఠ పూర్ణిమనాడును తాతగారు ఎద్దుల కొమ్ములకు రంగులు పూసి, తొలిచాలు దున్నెడివారు. నిరుడు మాఘమాసమున వారు గతించిరి. ఈ యేరువాకనాడు, వారి చేతిపట్టుచే నునుపెక్కిన మేడిని ముట్టుటకు మా నాయనగారికి చేయి రాలేదు. అప్పుడు నాయనమ్మ దగ్గఱకు వచ్చి, “వాన మనకొఱకు ఆగునా, నాయనా?” అని మేడిని వారి చేతికందించెను.

తెల్లవాఱకమునుపే పశువులకు మేతవేయు తాతగారి పనిని అన్నదమ్ములమగు మేము వంతులువైచుకొని చేయుచున్నాము. ఆ వేళ ఎద్దులు ఇంకను వారి దగ్గు వినబడునేమో యని వాకిటివైపు చెవులు రిక్కించును.