వైరే గదా అని తీసెయ్యకండి!

సొంతంగా యాంప్లిఫయర్ కట్టుకోవాలని సరదాపడే కుర్రాళ్లు నా దగ్గరికి అప్పుడప్పుడు వస్తూంటారు. అందరూ అడిగే మొదటి ప్రశ్న ఒకటే... "ఎన్ని వాట్లొస్తుందండీ?" రెండోది, "ఏ ఐసీ వెయ్యమంటారు?" మూడోది స్పీకర్ల గురించి. "లోపల ఏ వైరు వాడమంటారు?" అని అడిగిన మహానుభావుడు ఇన్నేళ్లలో ఒక్కడూ తగల్లేదు. పోస్టరు మీద హీరో హీరోయిన్ల బొమ్మలు చూసి టిక్కెట్టు కొంటాం గానీ, ఆ షాటులో లైటు పట్టుకున్నదెవరని ఎవరడుగుతారు చెప్పండి!

సరే, అడక్కపోయినా చెబుతాను. ఎందుకంటే ఈ వైరు గొడవలో మా నాన్నగారి పాటలు చిక్కుకున్నాయి.

నాన్నగారు ఒకప్పుడు టూరింగ్ టాకీసులో ఆపరేటరు. 'మాయాబజార్' (1957) ఎన్ని ఆటలు తిప్పారో ఆయనకే లెక్క తెలీదు. అందులో ఘంటసాల, లీల పాడిన ఆ వెన్నెల పడవ పాట వస్తే మాత్రం మెషీన్ వదిలి కిటికీలోంచి తెర వైపు చూసేవారట. ఇప్పుడాయనకి ఎనభై దాటాయి. చెవులు మందగించాయి. వయసుతో వచ్చే చెవుడుకి ఓ చెడ్డ గుణం ఉంది. ముందుగా సన్నటి శబ్దాలనే ఎత్తుకుపోతుంది. తాళాల గలగల, వేణువు పై స్వరాలు, 'స', 'శ'ల్లాంటి అక్షరాల అంచులు... ఇవి పోతాయి. బొంగురు మోతలు మాత్రం చక్కగా వినిపిస్తూనే ఉంటాయి. పైగా బొంగురు మోత గట్టిగా ఉంటే, మిగిలిన ఆ కాసిన్ని సన్నటి శబ్దాలను కూడా అది కప్పేస్తుంది.

ఆయన కోసం ఊళ్లో ఒక మెకానిక్ చేత చేయించిన పెట్టె ఒకటుంది. టీడీఏ 2030ఏ అనే అయిదు కాళ్ల ఐసీలు రెండు, 12-0-12 ట్రాన్స్‌ఫార్మరు, మంచి స్పీకర్లు. సామానుకి వంక పెట్టడానికి లేదు. కానీ స్విచ్ వేస్తే చాలు, గుయ్యిమని ఒకటే మోత!

"పాట వెనకాల ఆ తుమ్మెద ఎవర్రా?" అన్నారు నాన్నగారు.

అందరం నవ్వాం. కానీ వారం తిరిగేసరికి ఆయన ఆ పెట్టె దగ్గరికి వెళ్లడమే మానేశారు. అడిగితే, "పాత పాటలు ఇక నాకు పట్టవులేరా" అన్నారు. పట్టకపోవడమేమిటి! ఆ మాట విన్నాక నవ్వు రాలేదు.

మూత విప్పి చూస్తే సంగతి తెలిసిపోయింది. ఇన్‌పుట్ నుంచి వాల్యూమ్ కంట్రోలుకి, అక్కణ్ణించి బోర్డుకి మామూలు వైర్లే వేశాడు. అవి తిన్నగా ట్రాన్స్‌ఫార్మరు వైర్ల పక్కనే కాపురం పెట్టాయి. గ్రౌండుకి మరీ అన్యాయం... వెంట్రుకంత వైరు ఒకటి ఇన్‌పుట్ దగ్గర మొదలై, బోర్డుని తాకి, స్పీకరుని పలకరించి, చివరికి పెద్ద కెపాసిటర్ల దగ్గర తేలింది. నలుగురు ప్రయాణికులకి ఒకే టిక్కెట్టన్నమాట.

ఐసీ మార్చదల్చుకోలేదు. ట్రాన్స్‌ఫార్మరూ మార్చదల్చుకోలేదు. వైర్లు మాత్రమే మార్చి చూద్దామని హైదరాబాదు కోఠీలో గుజరాతీ గల్లీకి వెళ్లాను. అక్కడ వైరు అడగడానికి ఓ భాష ఉంది. "ఏది కావాలన్నా? ఇరవైమూడు డెబ్భైఆరా, పద్నాలుగు డెబ్భైఆరా?" అంటాడు కొట్టువాడు. కొత్తవాడు బిత్తరపోతాడు, ఇదేదో సినిమా హాల్లో సీటు నంబరనుకుని! మొదటి అంకె లోపల ఎన్ని పోగులున్నాయో చెబుతుంది. రెండోది పోగు లావు. డెబ్భైఆరు అంటే అంగుళంలో 0.0076 వంతు, అంటే 0.193 మిల్లీమీటర్లు. దీన్నే 36 గేజి అని కూడా అంటారు. పాటని మోసుకుపోయే సన్నటి పనులకి 7 పోగులది చాలు. కరెంటు సప్లయికీ స్పీకరుకీ 23 పోగులది తీసుకుంటే బెంగ ఉండదు.

ఒంటి తీగ వైరు మంచిదా, పోగుల వైరు మంచిదా అని కొందరికి పెద్ద సందేహం. చెవికి తేడా లేదు, చేతికుంది. ఒంటి తీగ వంచినచోట ఉంటుంది, బోర్డు మీద బుద్ధిగా కూర్చుంటుంది. కంప్యూటర్ నెట్‌వర్క్ కేబుల్ ముక్క దొరికితే విప్పండి... అర మిల్లీమీటరు ఒంటి రాగి తీగలు ఎనిమిది, రంగురంగుల జతలుగా బయటపడతాయి. కానీ మూత తీసినప్పుడల్లా కదిలేచోట ఒంటి తీగ వేస్తే, నాలుగుసార్లు వంగి అయిదోసారి పుటుక్కుమంటుంది. అక్కడ పోగుల వైరే వెయ్యాలి.

ఇక మోసం సంగతి. 'రాముడు భీముడు' (1964) చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు, ఒకే ముఖంతో ఇద్దరుండొచ్చు. వైర్లలోనూ అంతే. తగరం పూత పూసిన రాగి వైరు పైకి తెల్లగా ఉంటుంది, బ్లేడుతో గీకితే లోపల ఎర్రగా ఉంటుంది. అది మనవాడు. సోల్డరు ఇట్టే పడుతుంది. రెండోవాడు పైకి ఎర్రగా నిగనిగలాడతాడు, గీకితే లోపల తెల్లగా బయటపడతాడు... అల్యూమినియం మీద రాగి తొడుగు! కరెంటుని మోసే శక్తిలో అల్యూమినియం రాగికి అరవై శాతం పైచిలుకు మాత్రమే. నాలుగుసార్లు వంచితే తెగుతుంది కూడా. చవగ్గా ఇస్తున్నాడని సంబరపడకుండా కొట్లోనే ఓ పోగు గీకి చూడండి. కొట్టువాడు మొహం చిట్లిస్తే చిట్లించనీండి.

ఇంకో రకం ఆసాములున్నారు. ఆక్సిజన్ లేని రాగి, వెండి తీగ, పాట ఏ వైపు పోవాలో బాణం గుర్తు... ఇలా చెప్పి మీటరుకి వేలు గుంజుతారు. హై ఫ్రీక్వెన్సీ కరెంటు తీగ పైపొరలోనే పారుతుందని భయపెడతారు. నిజమే, కానీ మనిషి చెవికి ఆఖరి మెట్టయిన 20 కిలోహెర్ట్‌జ్ దగ్గర కూడా రాగిలో ఆ పొర లోతు అర మిల్లీమీటరుకి కాస్త తక్కువ. మన పోగు మొత్తం లావే 0.193 అని చెప్పుకున్నాం గదా! ఇక నిరోధం అంటారా, 7 పోగుల వైరు అరడుగు ముక్కకి సుమారు 13 మిల్లీ ఓములు. ఎనిమిది ఓముల స్పీకరు ముందు అదెంత?

మరి వైరు ఏదైనా ఒకటేనా అంటే, అక్కడే ఉంది తిరకాసు. ఆ 13 మిల్లీ ఓములే, ఇద్దరు పంచుకునే గ్రౌండు వైరులో ఉంటే కొంప ముంచుతాయి. మన కరెంటు 50 సైకిల్స్. డయోడ్లు దాటేసరికి కెపాసిటర్లు సెకనుకి నూరుసార్లు గుక్కగుక్కగా కరెంటు తాగుతాయి. ఆ గుక్క రెండు ఆంపియర్లే అనుకోండి, అరడుగు వైరు మీద దాదాపు 25 మిల్లీవోల్టులు పుడతాయి. ఇన్‌పుట్ గ్రౌండు కూడా ఆ వైరు మీదే ఆధారపడితే, ఐసీ దాన్నీ పాటే అనుకుని ముప్ఫై రెట్లు పెంచుతుంది. స్పీకరు దగ్గరికొచ్చేసరికి ముప్పావు వోల్టు మోత! పాపం, ఐసీకేం తెలుసు, ఏది ఘంటసాలో ఏది కరెంటాఫీసో!

కాబట్టి గ్రౌండులన్నిటికీ వేరువేరు వైర్లు వేసి, కెపాసిటర్ల తర్వాత ఒకేచోట కలిపాను. ట్రాన్స్‌ఫార్మరు నుంచి వచ్చే వైర్లను జడలా పురి వేసి పెట్టె అంచుకి నెట్టాను. అలా పెనవేస్తే ఒక వైరు పుట్టించిన అయస్కాంత క్షేత్రాన్ని పక్కది చాలావరకు తుడిచేస్తుంది. ఇన్‌పుట్‌కి మాత్రం షీల్డు వైరు వేసి, పైనున్న రాగి అల్లికని ఒక్క కొసనే గ్రౌండు చేశాను. రెండు సాయంత్రాల పని.

మూడోనాడు పడవ పాట పెట్టాను. నాన్నగారు పేపరు దించలేదు. వాల్యూమ్ ఎప్పట్లాగే ముప్పావు దాకా తిప్పి ఉంది. పల్లవి కాలేదు, పేపరు వెనకనుంచి గొంతు...

"తగ్గించరా! ఊరంతా వినాలా?"

సగానికి తగ్గించాను. ఇంకాస్త తగ్గించమన్నారు. చరణానికీ చరణానికీ మధ్య వాయిద్యం వస్తున్నప్పుడు పేపరు ఒళ్లోకి జారింది. అమ్మ వంటింట్లోంచి ఏదో అడిగితే ఉండమన్నట్టు చెయ్యెత్తారు. ఆయన చెవులు బాగుపడలేదండీ, అవి అలాగే ఉన్నాయి. అడ్డం ఉన్న మోత తప్పుకుంది, అంతే.

మీ పెట్టెలో కూడా మోత ఉంటే వైరు కొనేముందు ఒక పరీక్ష చెయ్యండి. వాల్యూమ్ పెంచితే మోత కూడా పెరుగుతోందా? అయితే దొంగ ఇన్‌పుట్ వైపున్నాడు, షీల్డు వైరు చూసుకోండి. పూర్తిగా తగ్గించినా అలాగే ఉందా? గ్రౌండు వైర్లు విప్పండి.

అన్నట్టు, తొడుగు గురించి చెప్పలేదు. మామూలు పీవీసీ తొడుగు చవక, ఒలవడం తేలిక. కానీ సోల్డరింగ్ ఐరన్ కాస్త ఎక్కువసేపు ఆనిస్తే వెనక్కి ముడుచుకుపోయి బోడి తీగ బయటపడుతుంది. టెఫ్లాన్ తొడుగు ఆ వేడికి చలించదు. ఖరీదెక్కువ, ఒలవడం కష్టం. ఇరుకు చోట్లకి రెండు మీటర్లు ఉంచుకుంటే చాలు. దాన్ని అగ్గిపుల్లతో కాల్చి ఒలవాలని చూడకండి, ఆ పొగ మంచిది కాదు. పళ్లతో అసలే వద్దు, స్ట్రిప్పర్ కొనుక్కోండి. రంగులు కనీసం నాలుగు తీసుకోండి... ప్లస్‌కి ఎరుపు, గ్రౌండుకి నలుపు, మైనస్‌కి నీలం, పాటకి పసుపు. అంతా ఒకే రంగైతే ఆర్నెల్ల తర్వాత మూత తీసినప్పుడు మీ వైర్లు మీకే అర్థం కావు.

230 వోల్టులు వచ్చే వైపు మాత్రం ఈ హుకప్ వైర్లేవీ వాడకండి. దానికి మెయిన్స్ వైరే, ముందు ఫ్యూజు, ఇనప పెట్టె అయితే ఎర్తు.